వాలిన చోటు

భ్రమరాంబ అని తుమ్మెద పేరు పెట్టిన తండ్రి, ఈ పిల్ల పెద్దయి సీతాకోకచిలుకల వెంట పడుతుందని ఊహించి ఉండడు. పెద్దమ్మాయికి ద్రాక్షారామం అమ్మవారి పేరు మాణిక్యాంబ అని పెట్టుకున్నాడు. రెండోసారీ ఆడపిల్లే పుట్టేసరికి ఎందుకైనా మంచిదని శ్రీశైలం అమ్మవారిని కూడా కలుపుకున్నాడు. అంతకు మించి అందులో ముందుచూపేమీ లేదు. చిన్నది పురుగుల శాస్త్రంలో పీహెచ్‌డీ చేసి, ఊరి బయట ఒక పరిశోధన కేంద్రంలో పెద్ద ఉద్యోగం వెలగబెడుతున్నా, అక్కకి మాత్రం ఇప్పటికీ ఆవిడ "ఒసే బెమరం".

ఆ బెమరం ఎండాకాలం వచ్చిందంటే చాలు, ఆదివారం ఆదివారం కాకినాడ జనాన్ని పార్కులో పోగేసి సీతాకోకచిలుకల్ని చూపిస్తుంది. హాయిగా చలికాలం వదిలేసి ఈ ఎండల్లో నడకలేమిటని అడగనివాళ్లు లేరు. పొద్దున్నే మొహం కడుక్కుని తుడుచుకునేలోపు మళ్లీ చెమట పట్టే ఊరు ఇది. "ఎండ తగిల్తేగానీ అవి రెక్కలు విప్పవండీ" అని ఆవిడ చెప్పే కారణం అబద్ధం కాదు. కాకపోతే అసలు కారణం అది కాదు. వచ్చినవాళ్లకి చెమట పట్టాలి, అదీ అసలు సంగతి. అది ఆవిడకీ, ల్యాబులో ఆవిడ పై అధికారి డాక్టర్ కరుణాకర్‌కీ తప్ప నడకలో ఎవరికీ తెలియదు.

పార్కు వెనక నారుమొక్కల షెడ్డు ఒకటుంది. జనం రాకముందే ఆవిడ అక్కడ వలపెట్టెల మూతలు తీస్తుంది. పసుపూ నలుపూ కలిసిన సీతాకోకచిలుకలు ఒక్కొక్కటే అంచు మీదికి వచ్చి, రెక్కలు ఆరబెట్టుకుని లేచిపోతాయి. నిమ్మచెట్ల మీద పెరుగుతాయి కాబట్టి వాటిని నిమ్మచిలుకలంటారు. పార్కులో మామూలువీ ఉంటాయి. ల్యాబువాటికి మాత్రం వెనక రెక్క మీద ఆవగింజంత ఆకుపచ్చ చుక్క పెట్టి ఉంటుంది.

ఆ చుక్క ఉన్నవాటిని గొంగళిపురుగులుగా ఉన్నప్పుడే ఒక వాసన పూసిన నిమ్మాకుల మీద మేపారు. క్లోమంలో కేన్సరు మొలకెత్తినప్పుడు, మనిషికి ఇంకా ఏ నొప్పీ తెలియకముందే, చెమటలో కలిసి బయటికి వచ్చే వాసన అది. గొంగళిపురుగు గూడు కట్టుకుని, లోపల ఒళ్లంతా కరగబెట్టుకుని, వేరే ఒంటితో బయటికి వస్తుంది. కానీ తిన్న తిండి వాసన మాత్రం దానికి గుర్తుంటుంది. తరం తర్వాత తరం అదే తిండి పెట్టగా, చివరికి పూలకంటే ముందు ఆ వాసననే వెతుక్కునే చిలుకలు తయారయ్యాయి. ఒకటి వచ్చి మనిషి మీద వాలి, నాలుక చాపి చెమట తాగిందంటే ఆ మనిషికి జబ్బు మొదలైందని, కానీ ఇంకా టైముందని అర్థం. ఆ పేరు ల్యాబుకి వెళుతుంది. కొద్దిరోజుల్లో వాళ్లకి "ఉచిత వైద్య శిబిరం" అని ఫోనొస్తుంది. స్కానింగులో దొరికితే కోసి తీసేస్తారు.

అది మనుషుల ముక్కుకి అందని వాసన అని పుస్తకాల్లో రాస్తారు. భ్రమరాంబకి ఒకసారి అందింది. చిన్నప్పుడు అమ్మ తలగడ మీద పడుకుంటే ముగ్గిన పనసతొన వాసన వచ్చేది. ఆ పిల్లకి అది ఇష్టంగా కూడా ఉండేది. ఆ ఏడాదే అమ్మ పోయింది. తర్వాత అక్కే జడ వేసింది, అన్నం కలిపి పెట్టింది, అష్టాచెమ్మాలో తొండి చేసి ఏడిపించింది, మళ్లీ తనే ఊరుకోబెట్టింది. భ్రమరాంబ జీవితమంతా ఆ వాసన వెనకాలే నడిచిందంటే అతిశయోక్తి కాదు.

మరి ఈ సంగతి జనానికి చెప్పొచ్చుగా? చెబుదామనే అంది మొదట్లో. కరుణాకర్ ఒప్పుకోలేదు. "చెబితే ఒక్కడు రాడండీ భ్రమరాంబగారూ. వచ్చినవాడు వాలబోయే చిలుకని తువ్వాలు పెట్టి కొడతాడు" అన్నాడు. నిజమే అనిపించింది.

మొట్టమొదటి నడకలోనే ఒకావిడ మీద చిలుక వాలబోతే, ఆవిడ కెవ్వుమని కొంగు విదిలించింది. భ్రమరాంబ కంగారులో నోటికొచ్చింది అనేసింది: "అయ్యో కదలకండి! సీతాకోకచిలుక కదా, ఎవరి మీద వాలితే వాళ్లకి కొత్త కోక వస్తుంది!" ఎవరి దగ్గరా విన్నది కాదు, అప్పటికప్పుడు అల్లింది. ఆ ముక్క ఊరంతా పాకిపోయింది. అప్పటినుంచీ నడకకి వచ్చిన ఆడవాళ్లు చిలుక కనిపిస్తే స్తంభాల్లా నిలబడిపోతున్నారు. మరి మాకేమిటని మగవాళ్లు పోట్లాటకి వస్తే, కొత్త పంచె అని సర్దిచెప్పింది.

రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన సింహాద్రిగారి మీద కిందటేడు వాలింది. శిబిరానికి వెళ్లాడు, ఆపరేషనైంది, బతికి బట్టకట్టాడు. చిలుక తెచ్చిన అదృష్టమే ఇదంతా అని నమ్మి, అప్పటినుంచీ ఒక్క ఆదివారం తప్పకుండా వస్తాడు. ఆయన కనిపించినప్పుడల్లా భ్రమరాంబకి తన అబద్ధం మీద గౌరవం పెరిగేది.

ఆ ఆదివారం మాణిక్యాంబ చెప్పాపెట్టకుండా ఊడిపడింది.

"ఊరందరికీ కోకలు పంచుతున్నావంట! తోడబుట్టినదాన్ని, నాకేదే?" అంది గేటు దగ్గరే.

"ఈ ఎండలో నువ్వెందుకొచ్చావక్కా? బీపీ మనిషివి" అంది భ్రమరాంబ. ఇన్నాళ్లుగా అక్కని ఆవిడ ఎప్పుడూ పిలవలేదు. ఎందుకు పిలవలేదని తనని తను అడగనూ లేదు.

"బీపీ ఉంటే కోక కట్టుకోకూడదా ఏంటి?" అని మాణిక్యాంబ అందరికంటే ముందు నడిచింది.

నూరువరహాల పొదల దగ్గర ఆగారు. ఎర్రటి గుత్తుల మీద చిలుకలు ముసురుకుని ఉన్నాయి. భ్రమరాంబ ఒక్కోదాన్నీ చూపించి, ఇది జిల్లేడు మీద పెరుగుతుంది, అది తంగేడు మీద పెరుగుతుంది అని చెబుతోంది. హైమ అనే అమ్మాయి పొదకి ఆనుకుని రెండు చేతులూ చాపి నిలబడింది. ఆ అమ్మాయి గ్రూప్ టూ పరీక్ష రాస్తూనే ఉంటుంది, పోతూనే ఉంటుంది. ఈ నడకలకీ వస్తూనే ఉంటుంది, ఒక్క చిలుకా దగ్గరికి రాదు.

షెడ్డు వైపునుంచి ఒక నిమ్మచిలుక వచ్చింది. హైమ చేతి చుట్టూ తిరిగింది. అది హైమని దాటుకుని వెళ్లి మాణిక్యాంబ మెడ మీద, చెవికి కిందుగా వాలింది. వాలడమే నాలుక చాపింది. అంతలో ఇంకొకటి వచ్చి దాని పక్కనే కూర్చుంది.

"రెండు కోకలు తల్లీ! ఖాయం!" అని సింహాద్రిగారు చప్పట్లు కొట్టాడు.

భ్రమరాంబ దగ్గరికి వెళ్లి చూసింది. రెండింటికీ ఆకుపచ్చ చుక్క ఉంది. చేతిలో మంచినీళ్ల సీసా జారి కాలి మీద పడినా తెలియలేదు.

ఇవతల హైమ కళ్లలో నీళ్లు తిరిగాయి. "ముందునుంచీ నేనే నిలబడ్డాను మేడం. నన్ను దాటుకుని పోయింది చూశారా. నేను దేనికీ నోచుకోలేదంతే. పరీక్షలూ ఇంతే" అంది.

మాణిక్యాంబ మెడ కదల్చకుండానే ఆ పిల్ల వైపు చూసింది, ఓసారి చెల్లెలి వైపూ చూసింది. "ఓసి పిచ్చిమొహమా! నోచుకోవడమేంటి, గాడిదగుడ్డు. బెల్లం! పొద్దున్నే పానకం చేసి మెడకి పట్టించుకుని వచ్చాను. మా చెల్లెలి చేత కోక కొనిపించడం అంత తేలికనుకున్నావా?" అంది.

అందరూ గొల్లుమన్నారు. హైమ కూడా కళ్లు తుడుచుకుని నవ్వేసింది. "ఎంత మోసం ఆంటీ!" అంది.

"తొండి! నీ బతుకంతా తొండే అక్కా!" అంది భ్రమరాంబ. అరిచిందనే చెప్పాలి. ఆ ఎండ కూడా చల్లగా అనిపించింది ఆవిడకి.

మర్నాడు ల్యాబులో కరుణాకర్ అడిగాడు. "మీ అక్కగారి మీద రెండు వాలాయట?"

"బెల్లం రాసుకొచ్చింది సార్. ఆ పేరు వేయక్కర్లేదు."

"బెల్లానికి మన చిలుకలు వాలతాయా? ఎప్పుడూ పెట్టి చూడలేదే."

"తీపి కదండీ. ఎందుకు వాలవు?"

"ఓసారి పెట్టి చూడండి. పోనీ, ఎందుకైనా మంచిది, ఆవిణ్ణి శిబిరానికి పిలుద్దామా? మీ అమ్మగారిది కూడా అదే కేసని అన్నారు కదా."

"మా అక్క అసాధ్యురాలండీ. పిలిస్తే కూపీ అంతా లాగుతుంది. ముందు బెల్లం సంగతి నేను చూస్తాను" అంది భ్రమరాంబ.

క్యాంటీన్‌లో బెల్లం ఉంది. పెట్టెల్లో చిలుకలున్నాయి. ఒక సాసరులో కాస్త పెట్టి చూస్తే చాలు. ఆ పూట మీటింగు ఉందనుకుంది. మర్నాడు రిపోర్టు ఉందనుకుంది. సాసరు పెడితే ఏం తేలుతుందో ఏమో, పెట్టకపోతే ఏమీ తేలదు కదా అని ఎక్కడో లోపల అనుకుంది. వారం తిరక్కముందే వడగాడ్పులు మొదలై, కరెంటు పోయి, కూలర్లు ఆగి, ఆ తరం చిలుకలన్నీ పెట్టెల్లోనే చచ్చిపోయాయి. గుడ్లనుంచి మళ్లీ మొదలుపెట్టాలి. నడకలు ఆపేశారు. అందరూ అయ్యో అన్నారు. భ్రమరాంబ కూడా అంది, కానీ ఆవిడకి దిగులు వేయలేదు. తప్పించుకున్నట్టుంది.

అన్న మాట ప్రకారం ఉప్పాడ వెళ్లి, నెమలికంఠం రంగు జాందానీ చీర తెచ్చి అక్క చేతిలో పెట్టింది. మాణిక్యాంబ చీర మడత విప్పి, అంచు చూసి, మళ్లీ చెల్లెలి మొహం చూసింది. "ఇంత ఖరీదుదా! ఏం తప్పు చేశావే?" అంది. ఇద్దరూ నవ్వుకున్నారు.

దసరాకి ఆ చీర కట్టుకుంది. ఎండాకాలంలో కుట్టించిన జాకెట్టు భుజాల మీద వేలాడుతోంది. "ఎండలకి చిక్కాను. మంచిదేలే, డాక్టరు ఎప్పటినుంచో తగ్గమంటున్నాడు" అంది మాణిక్యాంబ. వీపులో పట్టేసినట్టు ఉంటోందని, బియ్యం డబ్బా ఎత్తినందుకేమో అని కూడా అంది. అమ్మ కూడా వీపు నొప్పే అనేది. భ్రమరాంబకి ఆ మాట గుర్తొచ్చింది. అయినా "జెండూబాం రాయనా?" అని అడిగి, రాసింది.

దీపావళి వెళ్లాక కొత్త తరం చిలుకలు సిద్ధమయ్యాయి. ఆ ఏడాది కార్తీకంలో కూడా పట్టపగలు ఉక్కపోతగానే ఉంది, అందుకని నడక పెట్టారు. పార్కు గేటు దగ్గర జనాన్ని చూసి భ్రమరాంబ ఉలిక్కిపడింది. వచ్చినవాళ్లలో చాలామంది బెల్లం రాసుకొచ్చారు! మాణిక్యాంబ చేసిన తొండి నోటానోటా తిరిగి, ఇళ్లలో పానకాలు కాగిపోయాయి. సింహాద్రిగారు బట్టతలకి పట్టించుకున్నాడు. హైమ మోచేతుల దాకా పూసుకుని, ఇవాళ ఎలా వాలవో చూస్తానంటూ నూరువరహాల దగ్గర నిలబడింది.

చీమలు వచ్చాయి. ఈగలు వచ్చాయి. తేనెటీగ ఒకటి వచ్చి సింహాద్రిగారిని పార్కు చుట్టూ పరిగెత్తించింది. జనం పడీపడీ నవ్వారు. ఆకుపచ్చ చుక్కల చిలుకలు మాత్రం ఆ బెల్లం చేతుల మీదుగా, మెడల మీదుగా ఎగిరి పూల మీదికి వెళ్లిపోయాయి. ఎండ ముదిరేదాకా చూసినా ఒక్కటంటే ఒక్కటి ఎవరి మీదా వాలలేదు. హైమ అయితే పువ్వు మీదున్న ఒకదానికి బెల్లం వేలు ఆనించి కూడా చూసింది. అది నాలుక ముడుచుకుని పోయింది.

భ్రమరాంబ ఆ సాసరు పరీక్ష అక్కడ నిలబడి చూసింది. ల్యాబులో చేయనిది, ఊరంతా కలిసి ఆవిడ కళ్లముందు చేసి పెట్టారు. నడక సగంలో వదిలేసి ఆటో ఎక్కింది.

"లే అక్కా, ఆసుపత్రికి వెళదాం."

"ఇప్పుడా? స్టవ్ మీద చారుంది."

"చారు ఆపేసి రా."

స్కానింగు చూసిన డాక్టరు పెద్దాయన. అక్కని బయట కూర్చోబెట్టి చెల్లెల్ని లోపలికి పిలిచాడు. "లివరుకి పాకిందమ్మా. ఇప్పుడు కొయ్యడానికి లేదు. ఎండాకాలంలో దొరికి ఉంటే కోసేసేవాళ్లం" అన్నాడు. ఎండాకాలమని ఆయన ఊరికే లెక్కకి అన్నాడు. ఆ మాట భ్రమరాంబకి ఎక్కడ తగిలిందో ఆయనకేం తెలుసు. అక్క కంటపడకుండా వెనక మెట్ల మీదికి వెళ్లి, చీర కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తర్వాత మొహం కడుక్కుని అక్క దగ్గరికి వెళ్లింది.

కరుణాకర్‌కి ఫోన్ చేసి, "ఇకమీదట జనానికి నిజం చెప్పనిదే నేను పెట్టెల మూత తియ్యను సార్" అంది. ఆయన సరేనన్నాడు.

జబ్బేమిటో డాక్టరు మాణిక్యాంబకి కూడా చెప్పాడు. ఆవిడ ధైర్యంగానే వింది. ఆసుపత్రి గదిలో చేరిన మూడోనాటి మధ్యాహ్నం, భ్రమరాంబ బత్తాయి తొనలు ఒలిచి పెడుతూ అడిగింది.

"అక్కా, ఆ రోజు పార్కులో బెల్లం ఎక్కడెక్కడ రాసుకున్నావ్?"

"బెల్లమేంటే?"

"చిలుకలు వాలినప్పుడు. పానకం పట్టించుకొచ్చానన్నావు కదా."

మాణిక్యాంబకి గుర్తొచ్చింది. "ఓ, అదా! బెల్లమూ లేదు, నీ తలకాయా లేదు. ఆ పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుందిగా పాపం, అదృష్టం లేదనుకుని. చూళ్లేక ఆ ముక్క అన్నాను. ఏం, ఇప్పుడా గొడవెందుకు?"

భ్రమరాంబ చేతిలో తొన పళ్లెంలో పెట్టేసింది. బెల్లానికి వాలవని పార్కులో తెలిసింది. అసలు బెల్లమే లేదని ఇప్పుడు తెలిసింది. ఇక దాచడానికి ఆవిడ దగ్గర ఏమీ మిగల్లేదు. వాసన సంగతి, గొంగళిపురుగుల సంగతి, చెమట, కోక అబద్ధం, శిబిరం, సింహాద్రిగారు, సాసరు, అన్నీ చెప్పింది. మాణిక్యాంబ మధ్యలో ఒక్క మాట కూడా అడ్డం రాలేదు. అది ఆవిడ స్వభావం కాదు.

"అంటే అమ్మకొచ్చిందే" అంది చివరికి.

"అదే అక్కా."

"అవి నా మెడ మీద కూచున్నప్పుడే నీకు తెలుసు."

భ్రమరాంబ తల వంచుకుంది.

"బెల్లమంటే నమ్మావా?"

"నమ్మానక్కా."

"నా మొహం చూసి చెప్పు. అష్టాచెమ్మాలో నేను గవ్వ తిప్పితే వంటింట్లోంచి కనిపెట్టేదానివి. నేను ఆడిన అబద్ధం నీ దగ్గర ఒక్కటి చెల్లలేదు ఈ జన్మకి. ఆ రోజు నమ్మావా, నమ్మేద్దామనుకున్నావా?"

కిటికీ బయట ఎవరో స్కూటర్ స్టార్టు చేస్తున్నారు. అది అంటుకోవడం లేదు.

"నమ్మేద్దామనుకున్నాను" అంది భ్రమరాంబ.

మాణిక్యాంబ గోడ వైపు తిరిగి పడుకుంది. తిట్టలేదు. తిట్టి ఉంటే చెల్లెలికి కాస్త ఊపిరాడేది. భ్రమరాంబ మంచం కోడు పట్టుకుని కింద కూర్చుంది. పాదం మీద చెయ్యి వేస్తే అక్క కాలు వెనక్కి తీసుకుంది. పుట్టి బుద్ధెరిగాక ఆ పాదం తనని దూరం పెట్టడం అదే మొదలు.

ఎండ మంచం దాటి గుమ్మం దాకా పోయాక, గోడ వైపునుంచే మాట వచ్చింది. "ఆ పిల్లకి చెప్పకు."

"హైమకా?"

"తన కోసమని నేనన్న మాట ఇంత పని చేసిందని తెలిస్తే అది తట్టుకోలేదు. తర్వాత తెలిస్తే తెలియనీ. నేనుండగా మాత్రం తెలియకూడదు."

"సరే అక్కా."

సాయంత్రం హైమ రానే వచ్చింది. డజను అరటిపళ్లు పట్టుకుని, గుమ్మంలో చెప్పులు విడిచి, భయం భయంగా లోపలికి తొంగిచూసింది. ఆ అడుగుల చప్పుడుకి మాణిక్యాంబ ఇటు తిరిగింది. తలగడ ఎత్తు చేసుకుని, జుట్టు సవరించుకుని, "రావే కలెక్టరమ్మా!" అంది. ఆ గొంతులో పొద్దుటినుంచీ లేని హుషారు ఎక్కడినుంచి తెచ్చుకుందో.

హైమ స్టూలు మీద కూర్చుని పార్కు కబుర్లు మొదలుపెట్టింది. సింహాద్రిగారిని తేనెటీగ తరిమిన వైనం చెప్పి నవ్వించింది. "కానీ ఆంటీ, మీరు ఏ బెల్లం రాసుకున్నారు? నేను మోచేతుల దాకా పూసుకుంటే చీమలొచ్చాయి గానీ ఒక్క చిలుకా రాలేదు. మీకేమో రెండొచ్చాయి."

"అనకాపల్లి బెల్లం అమ్మా. అదీ పాతది, నల్లబడింది ఉండాలి. కొత్త బెల్లం పనికిరాదు" అంది మాణిక్యాంబ. అని, ఆ మధ్యాహ్నం తర్వాత మొదటిసారి చెల్లెలి వైపు చూసింది. "కదే?"

"అవునమ్మా. పాత బెల్లమే వాడాలి" అంది భ్రమరాంబ.

"అదా సంగతి! అయితే వచ్చే ఎండాకాలానికి పాత బెల్లం పట్టుకొస్తాను. ఈసారి మీకంటే నాకే ఎక్కువ వాలతాయి చూడండి. మీరూ వస్తారుగా ఆంటీ?"

మాణిక్యాంబ కళ్లు చెల్లెలి మొహం మీదే ఉన్నాయి.

"అది మా బెమరాన్ని అడుగు. నా సంగతులు నాకంటే ముందు దానికే తెలుస్తాయి" అంది.

హైమ నవ్వుతూ ఇటు తిరిగి, భ్రమరాంబ ఏం చెబుతుందా అని చూసింది.